కొంగు ముడి

ఎక్కడ ఆగాం? ఫిన్నీ డ్రమ్ము కర్రల సంచిలో వాడి అక్క వినీల చెయ్యి పెట్టిన చోట. కర్ర విరిగితే ఇంకోటి తీద్దామని పెట్టింది. చేతికి తగిలింది కర్ర కాదు, రబ్బరుబ్యాండు వేసిన ఖాళీ బిళ్లల రేకుల కట్ట. ఒక్కో రేకు మీదా మందు పేరు ఉండే చోట గోటితో గీకేసి ఉంది. దాచాల్సిన పని ఉన్నవాళ్లే పేరు గీకుతారు. కట్ట మళ్లీ సంచిలో పడేసి తలెత్తితే గుమ్మంలో గణేష్‌బాబు నిలబడి ఉన్నాడు.

ఈ వారమే పుస్తకం తెరిచినవాళ్లకి నాలుగు ముక్కలు. ధవళేశ్వరం పిల్లలు ముగ్గురు పెట్టుకున్న రాక్ బ్యాండు పేరు ‘లాకులు’. వినీల పాడుతుంది, గిటారు వాయిస్తుంది. తమ్ముడు ఫిన్నీ డ్రమ్స్. వాళ్లతో కలిసి చదువుకున్న గణేష్‌బాబు బేస్ గిటారు. గణేష్‌బాబు నాన్నకి కడియపులంకలో నర్సరీ ఉంది. అందులో కొబ్బరిపొట్టు బస్తాలు పేర్చిన షెడ్డులోనే వీళ్ల ప్రాక్టీసు. ఎంత వాయించినా చప్పుడుని ఆ బస్తాలే మింగేస్తాయి. బ్యాండులో ముగ్గురూ సమానమే. షెడ్డు తాళం మాత్రం ఒకడి జేబులో ఉంటుంది.

ఫిన్నీ తాగేవాడు. నాన్న పోయాక మొదలుపెట్టి, బండిని కాలవలోకి తోలిందాకా తాగాడు. తాగుడు మాన్పించే సెంటర్లో పెట్టారు. మానేసి వచ్చాడు. వచ్చాక ఒక పాట రాసి అక్కకిచ్చాడు.

గడియ పెట్టలేదు, రా
దీపం ఆర్పలేదు, రా
మందు వేసుకున్నావా అని
ఈ పూట అడగను, రా

ఆ పాట ఆటోల్లో మోగింది, కాలేజీ బస్సుల్లో మోగింది, ఆఖరికి వైన్ షాపుల ముందు కూడా మోగింది. మందు అనగానే జనానికి సీసా గుర్తొచ్చింది. రా అనగానే తమ్ముడు గుర్తొచ్చాడు. తాగుబోతు తమ్ముణ్ణి వదల్లేని అక్క పాట అని ఊళ్లకి ఊళ్లు ఏడ్చాయి. తాగేవాళ్లు తాగుతూనే ఏడ్చారు.

ఇప్పుడు వచ్చే వారం శనివారం రాజమండ్రిలో, గోదావరి గట్టు మీద, మత్తు మాన్పించే ప్రచారానికి పెద్ద సభ. ఆ సభలో ఈ పాట. ఫ్లెక్సీల మీద ఫిన్నీ మొహం, కింద ‘మారిన మనిషి’ అని అక్షరాలు. గణేష్‌బాబు రేకులు చూసిన క్షణం నుంచీ ఒకటే మాట మీద ఉన్నాడు: ఈ ఆదివారం ప్రాక్టీసులోపు వాడి సంగతి తేల్చు, తేల్చకపోతే కాకినాడ నుంచి ఇంకో డ్రమ్మరు వస్తాడు, ఫిన్నీ ఇక షెడ్డు గుమ్మం తొక్కడు. డ్రమ్ములు పోతే ఫిన్నీకి మిగిలేది మళ్లీ సీసాయే. అది వినీలకి తెలుసు. కాని వాడు ఇప్పటికే సీసా వదిలి బిళ్లలకి దిగి ఉంటే?

ఆదివారం వచ్చింది.

పేటలో చర్చిని గుడి అనే అంటారు. లూథరన్ గుడి, పెంకుల కప్పు, లోపల ఒక వైపు ఆడవాళ్లు, ఒక వైపు మగవాళ్లు. ఆడవాళ్ల వైపు మొదటి వరసలో, తెల్ల వాయిల్ చీర కొంగు తలమీద కప్పుకుని, వాళ్లమ్మ దేవకుమారి. టీచరుగా చేసి రిటైరైంది. స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఆవిడ చేత బెత్తం దెబ్బ తినని మగాడు ఆ పేటలో తక్కువ. ముసుగు వేసుకున్నాక మిగతా ఆడవాళ్ల కొంగు చివర గాలికి ఊగుతూ ఉంటుంది. దేవకుమారిది ఎప్పుడూ ఎడమ గుప్పిట్లో ఉంటుంది. ఆ చివర ఒక ముడి. చిన్నప్పుడు ప్రసంగం సాగుతుంటే పిల్లలకి నిద్రొస్తే ఆ ముడి విప్పి యాలక్కాయ తీసి చెరొకటి నోట్లో పెట్టేది. ఆ ఘాటుకి కళ్లు విచ్చుకునేవి.

వినీల ప్రసంగం వినలేదు. మధ్యదారికి అవతల కూచున్న తమ్ముణ్ణి చూస్తూ ఉంది. వాడు అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. చెమట పడుతోంది, ఎందుకు? తర్వాత తుడుచుకోవడం మానేశాడు. తను చూస్తోందని తెలిసి మానేశాడా? మోకాలు ఆడించాడు. కళ్లు మూసుకున్నాడు, ప్రార్థనకి అందరూ మూసుకోకముందే. మనసులో అనుమానం దూరాక ఎదుటివాడు ఊపిరి పీల్చినా నేరమే, బిగబట్టినా నేరమే.

ప్రసంగం అయ్యాక పాస్టరు అయ్యగారు ఫిన్నీని పేరు పెట్టి పిలిచారు. దేవుడు విడిపించిన బిడ్డ, పాటతో పేటకి పేరు తెచ్చిన బిడ్డ ముందుకొచ్చి సాక్ష్యం చెప్పాలన్నారు. గుడంతా వెనక్కి తిరిగింది. ఫిన్నీ లేచాడు గాని ముందుకి కదల్లేదు.

“చెప్పలేనండి అయ్యగారూ.”

భయపడద్దన్నారు అయ్యగారు. రెండు మాటలు చాలన్నారు.

“భయం కాదండి. ఇక్కడ నిలబడి అబద్ధం చెప్పలేను.”

కూచున్నాడు. వినీల వెనకాల కూచున్న లోవమ్మ పక్కావిడతో గుసగుసగా అంది, మళ్లీ మొదలెట్టేసినట్టున్నాడు అని. గుసగుస అన్నమాటేగాని మూడు వరసలకి వినిపించింది. మొదటి వరసలో దేవకుమారి తల వంచుకుంది, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది, గుప్పిట నోటి దాకా తీసుకెళ్లింది. ఏడుపు ఆపుకుంటోంది పాపం అనుకున్నారందరూ. వినీల కూడా అలాగే అనుకుంది. అమ్మ కాసేపటికి లేచి, కొడుకు కోసం గొంతెత్తి ప్రార్థన చేసింది. గుడంతా మోకాళ్ల మీద పడింది. ఫిన్నీ ఒక్కడే బెంచీ మీద నిటారుగా కూచున్నాడు, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని.

వినీలకి తేలిపోయింది. అబద్ధం చెప్పలేనన్నాడంటే నిజం ఏంటో తెలుస్తూనే ఉంది.

బయట వందనాలు, కరచాలనాలు అయ్యాక అమ్మ వినీల చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లింది. “వాణ్ణి కనిపెట్టుకుని ఉండవే. వేసుకున్నాడో లేదో నీకే తెలియాలి” అంది. గొంతు కొంచెం నెమ్మదిగా, మాటకీ మాటకీ మధ్య ఎడం ఎక్కువగా వచ్చింది. దిగులు అలా మాట్లాడిస్తుంది అనుకుంది వినీల.

*

కాలవ గట్టు మీద స్కూటరు ఫిన్నీ నడిపాడు. వెనక కూచున్న వినీల ముందుకి వంగి వాడి మెడ దగ్గర వాసన చూసింది. సబ్బు వాసన. బిళ్లలకి వాసన ఉండదు కదా అని తనకి తనే చెప్పుకుంది. వాడు అద్దంలో చూస్తున్నాడు.

“ఇటు కూడా చూడు,” అని మెడ రెండో వైపుకి తిప్పాడు.

ఆమె నవ్వలేదు. వాడూ నవ్వలేదు. వేమగిరి దాటాక పోలీసు చెయ్యి అడ్డం పెట్టి, లైసెన్సు అడిగి, వాడి మొహం గుర్తుపట్టి, నోరు తెరిచి ఊదమన్నాడు. ఊదించాక సెల్ఫీ అడిగాడు. పాట పెద్దదయ్యాక ఇదో మర్యాద. ఎవరు ముందు అనుమానిస్తారో వాళ్లే తర్వాత ఫొటో దిగుతారు.

షెడ్డులో గణేష్‌బాబు బస్తా మీద కూచుని బేస్ తీగ బిగించుకుంటున్నాడు. వాళ్లు లోపలికి రాకముందే గుళ్లో జరిగింది వాడికి చేరిపోయింది.

“ఏరా, దేవుడి దగ్గర కూడా నోరు రాలేదంట?”

“మీ తోటకి నీళ్లకంటే ముందు ఈ మాటలు వస్తాయా గణేష్‌బాబూ?” అన్నాడు ఫిన్నీ.

వినీల మాటలు పెరగనివ్వలేదు. సంచి లాక్కుని కట్ట తీసి స్నేర్ డ్రమ్ము మీద పడేసింది. డ్రమ్ము అడుగు తీగలు జర్రుమన్నాయి. వాడు కట్ట వంక చూశాడు గాని ఉలిక్కిపడలేదు. అదే ఆమెకి ఎక్కువ కోపం తెప్పించింది. దొరికిపోయినవాడు ఒక్క క్షణమైనా తడబడాలి కదా.

“నావి కావు.”

“సంచి నీది.”

“సంచి నాదే. పెట్టింది నేనే. బిళ్లలు నావి కావు.”

“ఎవరివి?”

వాడు కుడి చేతి కర్రని ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు.

గణేష్‌బాబు బేస్ పక్కన పెట్టి లేచాడు. వాడు చెప్పిందంతా సారాంశంగా ఇది: చిన్నప్పటి నుంచీ ఒకే బెంచీ, ఒకే క్యారేజీ, ఫిన్నీ తాగి పడుకుంటే మోసుకొచ్చింది తనే, ఆ లెక్కలు ఇప్పుడు తియ్యనన్నాడు, తీస్తూనే. ఇంట్లో నాన్నకి ఈ డప్పుల గోల మొదటి నుంచీ పడదు, షెడ్డులో మత్తు బిళ్లలు దొరికాయని తెలిస్తే మొక్కలతో పాటు తననీ అమ్మేస్తాడన్నాడు. తర్వాత గొంతు తగ్గించి సూటిగా అన్నాడు:

“తాగి ఉంటే తిట్టి ఊరుకునేవాణ్ణి. నొప్పి బిళ్లలు మింగేవాడి పక్కన స్టేజీ ఎక్కను వినీలా. నువ్వే చెప్పు.”

టెస్టు చేయిద్దాం అంది వినీల. రాజమండ్రిలో ఆదివారం కూడా తెరిచి ఉండే ల్యాబు ఉంది, సాయంత్రానికి కాగితం వస్తుంది, ఎవరి మాటా నమ్మక్కర్లేదు. గణేష్‌బాబు తలూపాడు.

“వద్దు,” అన్నాడు ఫిన్నీ.

“చూశావా” అన్నట్టు గణేష్‌బాబు ఆమె వైపు చేతులు చాపాడు. అప్పుడే వాడి ఫోన్ మోగింది. తెర చూసుకుని, బయటికి నడుస్తూనే ఎత్తాడు. “అలాగేనండి. తెస్తానండి. ఇప్పుడేనండి” అని ఎంతో మర్యాదగా అంటున్న మాటలు బస్తాల అవతల నుంచి వినిపించాయి. మళ్లీ తల లోపలికి పెట్టి, రాజమండ్రిలో పనుంది, చీకటి పడేలోపు వస్తా, అప్పటికి తేలిపోవాలి, లేకపోతే కాకినాడ కుర్రాడికి ఫోన్ చేసేస్తా అన్నాడు. వాడి బుల్లెట్ బండి మొక్కల మధ్య నుంచి డబడబమంటూ వెళ్లిపోయింది.

అక్కా తమ్ముడూ మిగిలారు.

టెస్టుకి ఎందుకు వద్దన్నావని అడిగింది.

“పాసవుతాను కాబట్టి.”

“పాసైతే మంచిదే కదరా.”

“పాసైతే నావి కావని తేలుతుంది. తేలాక, మరెవరివని అడుగుతారు.” వాడు రేకుల కట్ట తీసి మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు, పగిలిన గాజు ఏరినట్టు జాగ్రత్తగా. “నన్ను అనుమానిస్తున్నంత సేపూ ఇంకెవర్నీ అనుమానించరక్కా. అలవాటైపోయింది. ఊదమంటే ఊదుతాను.”

ఈ మాట ఏ తమ్ముడు అన్నా అక్క కరిగిపోవాలి. వినీల కరగలేదు. వాడు తాగే రోజుల్లో ఇంతకంటే మంచి మాటలు చెప్పాడు. ఒకసారి పాస్టరుగారి బైక్ అమ్మేసి, పేదవాడికి దానం చేశానన్నాడు. ఇదీ అలాంటిదే కావచ్చు. ఎవరో ఉన్నారని చెప్పి, ఆ ఎవరో ఎవరో చెప్పకపోవడం, తాగేవాళ్లందరికీ వచ్చిన విద్యే.

“పేరు చెప్పు, నమ్ముతాను.”

“పేరు చెప్పను. పాట పాడు.”

“ఏంటి?”

“రెండో చరణం. నేను రాసినట్టు పాడు.”

నువ్వు రాసినట్టే ఇన్నాళ్లూ పాడాను కదరా అంది. కాదన్నాడు. ఆమె విసుగ్గా, రాగం లేకుండా, మాటలు మాత్రం అప్పజెప్పింది:

నా కొంగు ముడి విప్పి చూడలేదు
చూస్తే నువ్వు నాకు మిగలవు

“ఒక్క అక్షరం మార్చావు,” అన్నాడు ఫిన్నీ.

మార్చింది. గుర్తొచ్చింది. రికార్డింగు రోజు, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, అద్దం అవతల వీణ్ణి కూచోబెట్టుకుని. వీడు రాసింది ‘నీ కొంగు ముడి’ అని. చదివి పగలబడి నవ్వింది. “మగాడికి కొంగేంట్రా, సెంటర్లో మందులు ఎక్కువిచ్చారా నీకు” అంది. పాడేది అక్క, కొంగు అక్కది, అందులో దాచుకున్న డబ్బు తమ్ముడు తీశాడో లేదో అక్క చూసుకోలేదు, చూసుకుంటే తమ్ముడి మీద నమ్మకం పోతుంది, అంతే కదా అని తనే అర్థం చెప్పేసింది. ‘నీ’ తీసి ‘నా’ పెట్టింది. టీచరు కూతురు కదా, తప్పు దిద్దడం రక్తంలో ఉంది. అద్దం అవతల వీడు నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, బొటనవేలు పైకెత్తాడు. ఆ ఒక్క అక్షరంతో పాట అంతా వీడి మీదకి తిరిగింది. ఊరంతా వీణ్ణే చూసింది.

నీ కొంగు. చూస్తే నువ్వు నాకు మిగలవు. అంటే పాడేది వీడు. కొంగు ఉన్నది ఎదుటి మనిషికి. ఆ ‘రా’ తమ్ముణ్ణి పిలిచేది కాదు, ఉత్తినే లోపలికి రమ్మనడం. మందు కూడా సీసా కాదు.

ఇంట్లో చీర కట్టేది ఒక్కరే. వినీల చుడీదారే తప్ప చీర కట్టి ఎన్నేళ్లో.

చెయ్యి దానంతటదే లేచింది. తమ్ముడి చెంప మీద పడింది.

“నీ గబ్బంతా అమ్మ మీదకి నెడతావా?”

వాడు చెంప తడుముకోలేదు.

“నేను అమ్మ అనలేదక్కా. నువ్వే అన్నావు.”

ఆ తర్వాత వాడు చెప్పింది కొంచెమే, అదీ నేల చూస్తూ. అమ్మకి కడుపునొప్పి అని వెళితే గర్భసంచి తీసేశారు గుర్తుందా, అప్పుడు నొప్పికి బిళ్లలు రాశారు. నొప్పి పోయింది, బిళ్లలు పోలేదు. సెంటర్ నుంచి వచ్చిన వారంలోనే వాడికి తెలిసిపోయింది, ఎందుకంటే వాడు చెప్పిన అబద్ధాలే ఆవిడ నోట వినిపించాయి. తలనొప్పి అని, నిద్ర పట్టలేదని, ఇవాళ ఒక్కటేనని, రేపటి నుంచి లేదని. ఖాళీ రేకులు పెరట్లో కుండీ వెనక పడేస్తుంది. చెత్తబండి వాళ్లు పేటవాళ్లే. తడి చెత్తా పొడి చెత్తా వేరు చేసేటప్పుడు రేకులు చూస్తే, సాయంత్రానికి టీచరుగారి సంగతి గుడి మెట్ల మీద ఉంటుంది. అందుకని వాడు ఏరి సంచిలో వేసుకుని, ఇక్కడ నర్సరీలో ఎండు ఆకులు తగలబెట్టే చోట కలిపేస్తున్నాడు. ఈసారి వాన వల్ల మంట పెట్టలేదు. కట్ట దొరికిపోయింది.

ఎవరి మీద కోపం రావాలి ఇప్పుడు? కడుపునొప్పి అని వచ్చిన ఆడమనిషికి సంచి తీసెయ్యడమే వైద్యం అనుకున్న చేతుల మీద రావాలి. మొదలెట్టమని రాసి, ఆపమని రాయని కలం మీద రావాలి. చీటీ లేకుండా అమ్మే కొట్టు మీద రావాలి. వాళ్లెవర్నీ ఎవరూ రోడ్డు మీద ఆపరు, నోరు తెరిచి ఊదమనరు. తెల్లచీర కట్టిన టీచరమ్మ నోట్లోకి ఎవరూ తొంగిచూడరు. ఊదాల్సింది పేట కుర్రాడు. వాడు ఊదినంత కాలం మిగతా లోకమంతా శుభ్రంగానే ఉంటుంది.

కాని వినీలకి ఆ కోపం ఇంకా రాలేదు. అంత దూరం నమ్మకం కుదరలేదు. వాడు అమ్మని అడ్డం పెట్టుకుంటున్నాడేమో. పాటలో అక్షరం నిజమే, దాని అర్థం ఇప్పుడు పుట్టించాడేమో. వాడి మాట మీద అమ్మని అడగడం తన వల్ల కాదు. అమ్మ మాట మీద వీణ్ణి గెంటడమూ కాదు. తన కళ్లతో చూడాలి.

“ఇక్కడే ఉండు. కదిలావంటే నీదే తప్పని అనుకుంటాను,” అని స్కూటరు తాళం తీసుకుంది.

*

దేవకుమారి ముందు గదిలో మంచం మీద ఒత్తిగిలి ఉంది. వంటింట్లో కోడికూర గిన్నె మూత తియ్యకుండా అలాగే ఉంది. గుడి చీర మార్చుకోలేదు. ఎడమ గుప్పిట మూసే ఉంది.

“వచ్చావా. వాడేడి?”

“షెడ్డులో ఉన్నాడు.”

“వాసన వచ్చిందా?”

“లేదు.” వినీల గుమ్మం దగ్గర చెప్పులు విడిచి మంచం పక్కన కింద కూచుంది, చిన్నప్పుడు కూచున్నట్టు. దారంతా ఒకటే ఆలోచించింది, ఏం అడగాలా అని. నేరుగా అడిగితే అమ్మ ఏడుస్తుంది, ఏడిస్తే నిజం తెలియదు. అందుకని చిన్నది అడిగింది.

“అమ్మా, పాడి పాడి గొంతు పట్టేసింది. యాలక్కాయ ఒకటి పెట్టు.”

అమ్మ కుడి చెయ్యి అలవాటుగా ముడి మీదకి వెళ్లింది. ముడి మీదే ఆగింది.

“వంటింట్లో డబ్బాలో ఉన్నాయి, తీసుకో.”

“కొంగులోది పెట్టు.”

“చెప్పాను కదా, డబ్బాలో...”

“గుళ్లో నిద్రొస్తే పెట్టేదానివి కదమ్మా. అదే పెట్టు.”

దేవకుమారి చూసింది. అరవైమంది పిల్లల్ని ఒక్కసారే కూచోబెట్టిన చూపు అది. వినీల కళ్లు దించలేదు. అప్పుడు ఆమెకి తట్టింది, ఈ చీరలోంచి యాలకుల వాసన వచ్చి ఎంతకాలమైందో. పొద్దున ప్రార్థనకి ముందు గుప్పిట నోటి దాకా వెళ్లింది. ఏడుపు ఆపుకోవడానికి కాదు. అక్కడ మోకాళ్ల మీద పడ్డ గుడంతా ఎవరి కోసం ప్రార్థన చేసిందో, చెయ్యాల్సింది ఎవరి కోసమో.

అమ్మ పెదాలు తడుపుకుంది.

“వాడు చెప్పేశాడా?”

వినీలకి ఇక నమ్మక తప్పదు.

“చెప్పలేదు. కొట్టినా చెప్పలేదు. పాటలో రాశాడు, నేను దిద్దేశాను.”

“తెలుసు,” అంది దేవకుమారి. “వాడు నీకంటే ముందు నాకే వినిపించాడు, నీ కొంగు అని. లేచి వెళ్లిపోయాను. తర్వాత నువ్వు రేడియోలో నా కొంగు అని పాడావు. అప్పుడు ఊపిరొచ్చింది. రోజూ వింటాను వినీలా ఆ పాట. అక్కడ నువ్వు ‘నా’ అన్నావు కాబట్టే వినగలిగాను.”

“వాణ్ణి అందరూ అనుకుంటుంటే?”

“వాడు ఓర్చుకుంటాడు అనుకున్నాను. ముందే అలవాటు కదా.”

తల్లి నోట ఆ మాట అంత మామూలుగా వచ్చింది. వినీలకి అరవాలనిపించింది. ఇవాళ చీకటి పడేలోపు ఈ మాట గణేష్‌బాబుకి చెప్పకపోతే తమ్ముడి చేతిలోంచి కర్రలు పోతాయి. చెబితే ఈ తెల్లచీర గుడి మెట్ల మీద నలుగుతుంది. ఇద్దర్లో ఒకరే మిగులుతారు. పాటలో చెప్పింది అదే.

దేవకుమారి కొంగు చివర ముందుకి చాపింది.

“నేను విప్పలేను. నువ్వే విప్పు.”

వినీల వేళ్లు ముడి మీద పెట్టింది. బట్ట చెమటకి తడిసి గట్టిపడింది. గోరు దూర్చి ఒక మడత లాగేసరికి వీధిలో బుల్లెట్ చప్పుడు. అరుగు పక్కనే ఆగింది. స్టాండు వేసిన చప్పుడు.

కొంగు ఆమె వేళ్లలోంచి ఒక్క గుంజుతో వెనక్కి పోయింది. అమ్మలో అంత బలం ఉందనుకోలేదు.

“నువ్వు లోపలికి వెళ్లు.”

“ఎందుకు?”

“వెళ్లవే.”

బయట నుంచి గొంతు వచ్చింది. మర్యాదైన గొంతు, బస్తాల అవతల నుంచి విన్న గొంతే.

“టీచరు గారూ, మీ మందులు తెచ్చానండి.”

వినీల లేచి నిలబడింది. రేకుల మీద పేర్లన్నీ గీకేసి ఉన్నాయి. చేతిలో పట్టుకున్న తనకే అవేం బిళ్లలో తెలియలేదు. ఆ రోజు షెడ్డు గుమ్మంలో నిలబడి చూసిన గణేష్‌బాబు, నొప్పి బిళ్లలని ఎలా అన్నాడు?

చెప్పులు విడిచిన చప్పుడు. తలుపు మీద చెయ్యి పడింది. ఆ తలుపుకి గడియ పెట్టలేదు.